ఆధారం మాస్టారు ఎత్తని చెయ్యి

ఆధారం మాస్టారికి అసహ్యం కలిగించని వస్తువులు ఈ లోకంలో చాలా తక్కువ. ఆ తక్కువలో కూడా సగం ఆయన ఇంకా పరిశీలించనివి. "ఇది అందరికీ తెలిసిందే" అని మొదలయ్యే వాక్యం ఆయనకు అసహ్యం. "ఒక సర్వే ప్రకారం" అన్న మాట మరింత అసహ్యం. ఉపన్యాసం మధ్యలో పిడికిలి బిగించి గుండెల మీద గుద్దుకునే పిల్లల్ని చూస్తే కడుపులో తిప్పుతుంది. ఆ గుద్దుల్ని లెక్కపెట్టి మార్కులు వేసే న్యాయనిర్ణేతల్ని చూస్తే తిప్పినది పైకి వస్తుంది.

ఉద్యోగరీత్యా ఆయన హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాడు. శనివారం మధ్యాహ్నాలు మాత్రం, ఎవరూ అడక్కపోయినా, పదిహేనూ పదహారేళ్ళ పిల్లలకు వాదించడం నేర్పుతాడు. ఈ మహత్కార్యానికి బడివారు కేటాయించిన గది ఒకప్పుడు రసాయనాల స్టోరు. పంతొమ్మిదేళ్ళయినా గోడల్లోంచి కుళ్ళిన కోడిగుడ్ల వాసన పోలేదు. ఆ వాసనకే చాలామంది పిల్లలు మొదటి వారంలో మానేస్తారు. మిగిలినవాళ్ళు రెండో వారంలో ఆయన్ని చూసి మానేస్తారు. ఆ తరవాత కూడా మిగిలినవాళ్ళే జట్టు.

పేరు ఎలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. ఎవరు ఏమన్నా ఆయన "ఆధారం?" అంటాడు. పెళ్ళయిన కొత్తల్లో భార్య వంటింట్లోంచి "ఉప్పు అయిపోయిందండీ" అంటే కూడా అలవాటు కొద్దీ "ఆధారం?" అన్నాడు. ఆవిడ ఖాళీ ఉప్పు డబ్బా తెచ్చి, ఆయన చదువుతున్న పేపరు మీద బోర్లించి, అడుగున రెండు దెబ్బలు కొట్టి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి వంటింటి వ్యవహారాల్లో ఆయన ఆధారాలు అడగలేదు.

క్లాసులో మాత్రం ఆ ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడెవడో కంప్యూటర్లోంచి తీసిన కాగితాలు తెస్తాడు. మాస్టారు వాటిని చచ్చిన ఎలకని తోకపట్టి ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తుతాడు.

"ఇది ఎవరు రాశార్రా?"

"నెట్లో ఉంది సార్."

"అంటే చెత్తకుండీలో దొరికిందన్నమాట. అందులో దొరికేదంతా చెత్త కాదు, ఒప్పుకుంటాను. కానీ నోట్లో పెట్టుకునే ముందు, పారేసింది ఎవరో కనుక్కోవద్దూ?"

ఆయన పద్ధతి వేరు. ప్రతివాళ్ళ దగ్గరా ఒక నోటుపుస్తకం ఉండాలి. ఎడమ పేజీలో కళ్ళతో చూసింది రాయాలి: ఏ తారీకు, ఎన్ని గంటలకు, ఎక్కడ నిలబడి, ఎవర్ని అడిగి. కుడి పేజీలో దానికి అడ్డొచ్చేది ఏది దొరికినా రాయాలి. కుడి పేజీ ఖాళీగా ఉంటే ఎడమ పేజీ అబద్ధం కింద లెక్క. వాదనలో ఎవరికి ఏ పక్షం వస్తుందో పోటీకి గంట ముందు చీటీ తీస్తే గాని తేలదు కాబట్టి, రెండు పేజీలూ బలంగా ఉండాల్సిందే.

ఊరి బళ్ళన్నీ కలిసి పెట్టుకున్న ఈ పోటీకి నిబంధనలు రాసింది కూడా ఆయనే, పంతొమ్మిదేళ్ళ కిందట, ఇంకా లోకం బాగుపడుతుందన్న భ్రమ మిగిలి ఉన్న రోజుల్లో. వాటిలో తొమ్మిదోది ఆయనకు ప్రాణం. "ఏ జట్టు శిక్షకుడైనా, ఏ జట్టు చెప్పిన విషయానికైనా, సభలో చెయ్యెత్తి ఆధారం అడగవచ్చు. తీర్పు వెలువడిన మూడు రోజుల్లోగా రాతపూర్వకంగానూ అడగవచ్చు. ఆధారం లేదని తేలితే ఆ ప్రసంగం చెల్లదు." ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఎదుటి జట్ల మీద నలభైసార్లయినా లేచి ఉంటుంది. అది లేచిందంటే అవతలి బడి పిల్లలకి నాలుక పిడచకట్టుకుపోయేది.

ఈ ఏడు జట్టుకి ముఖ్యమైన పిల్ల కందిరీగ. అది అసలు పేరు కాదు గాని అంతకన్నా నిజమైన పేరు. గొంతు సన్నం, మనిషి ఇంకా సన్నం, కుట్టాక వాపు మూడు రోజులుంటుంది. ఈ ఏటి అంశం, "మన ఊళ్ళో ఆడవాళ్ళకు పబ్లిక్ టాయిలెట్లు చాలినన్ని ఉన్నాయి". అంశం ప్రకటిస్తూ మున్సిపల్ అధికారి ఒక వరం కూడా ప్రసాదించాడు. బస్టాండులో ఆడవాళ్ళకు కొత్త టాయిలెట్లు కట్టాలా, ఉన్నవి తెరిచి ఉంచితే చాలా, అనే ఫైలు ఒకటి ఆయన బల్ల మీద నలుగుతోందట. ఫైనల్లో గెలిచిన ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా అందులో పెడతాడట. "యువతరం గొంతు మాకు శిరోధార్యం" అన్నాడు. ఆ మాటకి మాస్టారు ముక్కు చిట్లించిన చిట్లింపు మూడో వరసదాకా వినిపించింది.

కందిరీగ పన్నెండు రోజులు బస్టాండు చూసింది. మొదటిరోజు మాస్టారూ వెంట వెళ్ళాడు. ఆడవాళ్ళ వైపు తలుపుకి తాళం, తాళానికి తుప్పు, తుప్పు మీద సాలెగూడు. గోడ పక్కన వాసన ఎలా ఉందంటే, రసాయనాల స్టోరు మీద ఆయనకు మొదటిసారి గౌరవం కలిగింది. వాచ్‌మన్ని అడిగితే తాళంచెవి కాంట్రాక్టరు దగ్గరుందన్నాడు. కాంట్రాక్టరు గుమాస్తాని అడిగితే వాచ్‌మన్ దగ్గరే ఉందన్నాడు. ఆ తాళంచెవి ఈ ఇద్దరి మధ్యా గాలిలో నివసిస్తోందని మాస్టారు గ్రహించాడు.

ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుని బస్సులు పిలిచే అమ్మాయి కందిరీగ అక్కే. మైకులో ఆమె గొంతు తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు; అందరూ మైకక్క అంటారు. బల్ల మీద నిండుగా నీళ్ళ సీసా ఉంది.

"నాకే దిక్కులేదు సార్," అంది మైకక్క. "పొద్దున ఆరింటికి ఇంట్లో వెళ్ళొస్తా. మళ్ళీ సాయంత్రం ఆరింటికి ఇంటికి పోయాకే."

"మరి ఈ సీసా?"

"ధైర్యానికి సార్. పక్కనుంటే తాగినట్టుంటుంది."

"అక్కా, డాక్టరమ్మ సంగతి చెప్పు," అంది కందిరీగ పెన్ను తెరుస్తూ.

"ఏముందే చెప్పడానికి! రెండుసార్లు మంట, జొరం. నీళ్ళు బాగా తాగమంది. తాగి ఎక్కడికి పోవాలో చీటీలో రాయలేదు." అని నవ్వి, మైకు నొక్కి, నాలుగో నెంబరు ప్లాట్‌ఫారం మీదికి బస్సుని పిలిచింది. గొంతు బొంగురుపోయి ఉంది.

కందిరీగ అదంతా రాసుకుంది. పన్నెండు రోజుల్లో పదకొండు రోజులు తాళం. ఒక్కరోజు తెరిచారు, సున్నం వేసేవాళ్ళు తమ బకెట్లు దాచుకోవడానికి.

ఫైనల్ శుక్రవారం. చీటీ తీశారు. కందిరీగకి వచ్చిన పక్షం: "చాలినన్ని ఉన్నాయి."

ఆ పిల్ల చీటీని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు.

"సార్," అంది వరండాలో, "ఓడిపోవచ్చా?"

మాస్టారు పంతొమ్మిదేళ్ళ గాంభీర్యాన్నీ గొంతులోకి తెచ్చుకున్నాడు. "పక్షం నీది కాదమ్మా, చీటీది. తెలిసి తెలిసి ఓడిపోవడం మోసం."

"నేను గెలిస్తే అది ఫైల్లోకి పోతుంది సార్. అక్కకి ఇంక ఆ తలుపు తెరవరు."

"వాదన వేరు, ఇల్లు వేరు. రెంటినీ కలిపితే రెండూ చెడతాయి."

"అబద్ధం చెప్పి గెలిస్తే?"

"చెబితే పట్టుకోవడానికి తొమ్మిదో నిబంధన ఉంది."

"ఎవరు పట్టుకోవాలి సార్?"

"చెయ్యి ఉన్నవాడెవడైనా!" అన్నాడు మాస్టారు. బాగా చెప్పాననుకున్నాడు కూడా. కందిరీగ ఒక్క క్షణం ఆయన చెయ్యి వంక చూసి, "సరే సార్" అని లోపలికి వెళ్ళిపోయింది.

సభలో మొదట ఎదుటి బడి కుర్రాడు లేచాడు. అతను బస్టాండు మొహం చూసినవాడు కాదు. తల్లి అన్నాడు, నేల అన్నాడు, తల్లీ నేలా ఒకటే అన్నాడు, పదకొండుసార్లు గుండెలు గుద్దుకున్నాడు. మాస్టారు ఆ పదకొండూ లెక్కపెట్టి పక్కకి తిరిగి ఉమ్మివెయ్యలేక మింగాడు. తరవాత కందిరీగ లేచింది. పిడికిలి లేదు, గుద్దు లేదు. ఊళ్ళో కట్టడాలు పద్నాలుగన్నది. అది నిజం. తొమ్మిదింటికి కొత్త పలకలు వేశారన్నది. అదీ నిజం. ఏ వీధిలో ఎప్పుడు కట్టారో తారీకులతో చెప్పింది. ఒక్కొక్క ముక్కా నిజమే. వాటన్నిటినీ వరసగా పేర్చాక నిలబడినది మాత్రం పచ్చి అబద్ధం. ఇంత శుభ్రంగా ఈ పిల్లకి ఈ విద్య నేర్పింది ఎవరని మాస్టారికి ఒక్కసారి అనిపించింది. జవాబు కోసం ఎక్కువ దూరం వెతకనక్కర్లేకపోయింది.

అప్పుడు కందిరీగ గొంతు కాస్త పెంచింది. "బస్టాండులో ఆడవాళ్ళ టాయిలెట్ పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచే ఉంటుంది. పన్నెండు రోజులు నేను స్వయంగా చూశాను."

అని ఆగింది.

మరిచిపోయి ఆగిన ఆగడం కాదు. బోనెక్కినట్టు తిన్నగా నిలబడి, ముందు వరసలో కూర్చున్న మాస్టారి కళ్ళలోకి చూస్తూ ఆగింది. ఒక ఊపిరి. రెండు. మూడు.

మాస్టారికి అర్థమైంది. ఆ నోటుపుస్తకంలో పన్నెండు పేజీల కింద, చదివి పెట్టిన ఆయన సంతకమే ఉంది. ఓడిపోవద్దన్నాడు కాబట్టి ఆ పిల్ల ఓడిపోలేదు. ఓడించమని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. చెయ్యెత్తితే చాలు. "ఏ జట్టు" అని ఆయనే రాశాడు, నిష్పక్షపాతం శోభగా ఉంటుందని.

అవతలి శిక్షకుడు ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు. ఇవతల హెడ్మాస్టరు మాస్టారి మోచెయ్యి పట్టుకుని ఊపుతూ, "అదరగొట్టేస్తోందయ్యా! ఆరేళ్ళయింది మన బీరువాలోకి కప్పు వచ్చి!" అంటున్నాడు. మాస్టారి చెయ్యి ఒళ్ళోంచి లేచింది. ఛాతీదాకా వచ్చింది. గడ్డందాకా వచ్చింది. అక్కడ కళ్ళజోడు తగిలితే, దాన్ని సర్దుకుని, దిగిపోయింది.

కందిరీగ తల దించుకుని మిగతా ప్రసంగం గబగబా ముగించింది.

తీర్పు మూడింట రెండు ఓట్లతో ఈ బడికే వచ్చింది. అధికారి లేచి, "ఈ చిట్టితల్లి పన్నెండు రోజులు కళ్ళారా చూసింది. ఇంక మనం కొత్తగా చూడాల్సిందేముంది?" అని ఆనందబాష్పాలకు చాలా దగ్గరగా వచ్చాడు. కప్పు తీసుకునేటప్పుడు ఫొటోలో అందరి చేతులూ దాని మీదే ఉన్నాయి, ఒక్క కందిరీగవి తప్ప.

శనివారం ఆ పిల్ల క్లాసుకి రాలేదు. ఆదివారం ఇంట్లో మాస్టారు అన్నంలో నీళ్ళు పోసుకున్నాడు, మజ్జిగనుకుని.

"గెలిచిన మొహమేనా ఇది?" అంది భార్య. "పీడకల కన్నవాడిలా ఉన్నారు."

ఆయన చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, తన తప్పు ఉన్నచోట కాస్త తొందరగా.

"ఆ పిల్ల అబద్ధమాడుతోందని మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"అయినా నోరు మూసుకున్నారు."

"చెయ్యెత్తలేదు," అని సవరించాడు మాస్టారు.

"రెండింటికీ తేడా మీ నిబంధనల్లో ఉంటుందేమో, నా వంటింట్లో లేదు," అంది ఆవిడ పళ్ళెం తీస్తూ. "ఉప్పుకి నా చేత డబ్బా మోయించారు కదా మహానుభావా! మీ కప్పుకి ఏ డబ్బా అక్కర్లేకపోయిందా?"

సోమవారం మధ్యాహ్నం ఆయన బడికి సెలవు చీటీ పడేసి బస్టాండుకి వెళ్ళాడు. ఎందుకో తనకే తెలియదు. గోడ పక్క వాసన యథాతథంగా ఉంది. తుప్పు తాళం యథాతథంగా ఉంది. సాలీడు కొంచెం పెరిగింది. కానీ తలుపు మీద తడి ఆరని రంగుతో కొత్త అక్షరాలు వెలిశాయి: "ఉదయం 6 నుండి రాత్రి 9 వరకు తెరచియుండును." మున్సిపాలిటీ చరిత్రలో ఇంత చురుగ్గా పూర్తయిన పని మరొకటి ఉండదు. శుక్రవారం ఆడిన అబద్ధం సోమవారానికల్లా ప్రభుత్వ ప్రకటన అయిపోయింది. "తెరచి" అన్న అక్షరాల కింద తాళం వేలాడుతూ ఉంది, రంగు అంటుకుని.

మాస్టారికి వాంతి వచ్చినంత పనైంది. వాసనకి కాదు.

కౌంటర్లోంచి మైకక్క పలకరించింది. "మా చెల్లి కప్పు గెలిచిందంట కదా సార్! మూడు రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదు, నాతో మాట్లాడట్లేదు. గెలిచినా అలుగుతారా ఈ పిల్లలు?"

బల్ల మీద సీసా నిండుగా ఉంది. మాస్టారు దాని వంక చూసి, గోడ గడియారం వంక చూశాడు. నాలుగు దాటి పది నిమిషాలు. తొమ్మిదో నిబంధన ఇచ్చిన మూడు రోజుల గడువు ఐదింటికి తీరిపోతుంది.

పోటీ సంఘం ఆఫీసు లైబ్రరీ మేడ మీద ఒక గది. అక్కడి గుమాస్తా ఫిర్యాదు ఫారం ఇస్తూ, "ఎవరి మీదండీ?" అన్నాడు.

"మా జట్టు మీద."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ జట్టు మీద మీరేనా? అలా కుదురుతుందా అసలు?"

"తొమ్మిదో నిబంధన. ఏ జట్టైనా అని ఉంది."

"ఎవడు రాశాడండీ ఈ దిక్కుమాలిన నిబంధన?"

"నేనే."

ఫారం తయారుచేసింది కూడా ఆయనే. ఆ సంగతి మూడో గడి దగ్గరికి వచ్చేదాకా గుర్తులేదు. అక్కడ ఆయన యౌవనం ఆయన్నే నిలదీస్తూ అచ్చులో ఉంది: "ఆరోపిస్తున్న విషయం సభలో విన్నప్పుడే ఎందుకు అడగలేదు?" మాస్టారు పెన్ను మూత తీశాడు. "వినబడలేదు" అని రాయచ్చు. వయసు యాభై ఆరు, ఎవరూ కాదనరు. "ఆధారం?" అని మాత్రం ఎవరో లోపల అడిగారు. చివరికి రెండు మాటలు రాశాడు: "కప్పు కోసం."

గుమాస్తా అది చదివి, ఆయన మొహం చూసి, ముద్ర కొట్టాడు. నాలుగూ నలభై. రుజువు కింద జతచేయాల్సిన కాగితాలేవీ అంటే, కందిరీగ నోటుపుస్తకంలోని పన్నెండు పేజీల నకళ్ళు ఇచ్చాడు. శిక్షకుడి దగ్గర ఒక ప్రతి ఉండాలన్నది కూడా ఆయన పెట్టిన చాదస్తమే.

వారంలో తీర్పు వచ్చింది. ప్రసంగం చెల్లదు. కప్పు గుండెలు గుద్దుకున్న కుర్రాడికి పోయింది. అబద్ధం చెప్పినందుకు కందిరీగకి ఏడాదిపాటు పోటీల్లో మాట్లాడే హక్కు లేదు. హెడ్మాస్టరు బీరువా తాళం తీసి కప్పు బయటపెడుతూ, "నిన్ను చూస్తే అసహ్యం వేస్తోందయ్యా," అన్నాడు. "నాకూనండీ," అన్నాడు మాస్టారు. ఆ బళ్ళో వాళ్ళిద్దరూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

ఫైలు సంగతి. గెలిచిన ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా అందులో పెట్టారు. తల్లీ నేలా ఒకటే అని అందులో ఉంది, ఇంకేమీ లేదు. కానీ ముందు ప్రసంగం ఎందుకు తీసేశారో చెప్పే ఉత్తర్వు కూడా పెట్టక తప్పలేదు. ఉత్తర్వుకి జతగా పన్నెండు పేజీలు, తారీకు, గంట, తాళం. తడి రంగుతో "తెరచియుండును" అని రాయించిన అధికారికి ఆ పదకొండు తాళాల మీద సంతకం పెట్టడం కష్టమైంది. ఒకరోజు తాళంచెవి గాలిలోంచి దిగివచ్చి ఎంక్వయిరీ కౌంటర్లో మేకుకి వేలాడింది. మాస్టారు చూడ్డానికి వెళ్ళాడు.

"తాళంచెవి వచ్చింది సార్," అంది మైకక్క. "లోపల కొళాయిలో నీళ్ళు రావట్లేదు. బకెట్టు నేనే తెచ్చుకుంటున్నా." సీసాలో నీళ్ళు రెండు వేళ్ళ మందం తగ్గి ఉన్నాయి. మాస్టారు దాన్ని మూడుసార్లు చూసి నిర్ధారించుకున్నాడు. కొళాయి సంగతి నోటుపుస్తకంలో రాసుకున్నాడు, కుడి పేజీలో.

తరవాతి శనివారం కుళ్ళిన కోడిగుడ్ల గదిలో కొత్త పిల్లలు ఎనిమిదిమంది ముక్కులు మూసుకుని కూర్చున్నారు. కందిరీగ వెనక బెంచీలో కూర్చుంది. మాట్లాడే హక్కు లేదు గాని, వినే హక్కు మీద నిబంధన ఏదీ లేదు. లోపలికి వస్తూ గుమ్మంలో మాత్రం ఆగి అంది:

"మూడు రోజులు పట్టింది సార్ మీకు."

"రెండు రోజుల ఇరవై నాలుగు గంటలు," అన్నాడు మాస్టారు. అది కూడా మూడు రోజులేనని ఇద్దరికీ తెలుసు.

ఆయన బోర్డు దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క పట్టుకుని, ఏటేటా చెప్పే తొలిపలుకు అలవాటుగా అందుకున్నాడు. "పిల్లలూ, పంతొమ్మిదేళ్ళుగా ఈ గదిలో నా ఎదుట ఒక్క అబద్ధం కూడా చెల్లలేదు."

వెనక బెంచీలోంచి సన్నటి చెయ్యి ఒకటి లేచింది. గడ్డం దగ్గర ఆగలేదు. నిటారుగా పైదాకా వెళ్ళింది.

"ఆధారం, సార్?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకోబోయి, చెయ్యి దింపేశాడు.

"లేదమ్మా," అన్నాడు. "పిల్లలూ, ఆ వాక్యం ఎవరైనా రాసుకుని ఉంటే కొట్టేయండి."